పాత మినీ ట్రాక్టర్: స్లోలో టక టక శబ్దం, రేస్ ఇస్తే పోతోంది. ఇంజన్ దించాలంటున్నారు, సలహా చెప్పండి

గోదారి_తోట (ద్వారకా తిరుమల దగ్గర)
శనివారం, రాత్రి 8:40

అందరికీ నమస్కారం. మాది ఆరెకరాల కొబ్బరి తోట, మధ్యలో కోకో. చెట్ల మధ్య పెద్ద ట్రాక్టర్ తిరగదని మా నాన్నగారు 2008లో 18 హార్స్‌పవర్ మినీ ట్రాక్టర్ కొన్నారు. మూడు సిలిండర్ల డీజిల్ ఇంజన్, రేడియేటర్ ఉన్నది. అవర్ మీటర్ 3,900 దగ్గర ఆగిపోయి చాలా ఏళ్లయింది, కాబట్టి అసలు ఎన్ని గంటలు తిరిగిందో లెక్క లేదు.

పది రోజులుగా ఇంజన్లోంచి ఒక శబ్దం వస్తోంది. స్టార్ట్ చేసి స్లోలో వదిలితే రేకు డబ్బాలో బోల్టు వేసి ఊపినట్టు టక టక టక్... టక్ టక్... అంటోంది. రేస్ కొంచెం పెంచితే తగ్గుతుంది. సగానికి పైన అసలు వినపడదు. రోటావేటర్ వేసి దున్నుతుంటే ఎప్పటిలాగే ఉంది. పని అయ్యాక స్లోకి తెస్తే మళ్లీ మొదలు. పొగలో తేడా లేదు, పవర్ తగ్గలేదు, ఆయిల్ లైటు వెలగడం లేదు.

మా ఊరికి వచ్చే మెకానిక్ ఐదు నిమిషాలు విని, "బిగ్ ఎండ్ బేరింగులు (కనెక్టింగ్ రాడ్ల కింది కొసలో ఉండేవి) పోయాయి. ఇంజన్ దించి క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) గ్రైండింగ్‌కి పంపాలి, 45 వేల దాకా అవుతుంది" అన్నాడు. సోమవారం వచ్చి దించేస్తానన్నాడు. డబ్బు ఎలాగో సర్దుతాను. కానీ నాన్నగారు పోయాక ఈ బండి మీద ఇంతవరకు పెద్ద రిపేరు చేయించలేదు. ఒకసారి విప్పాక మళ్లీ ఇలాగే ఉంటుందా అన్నదే నా టెన్షన్. దించకముందు నేను చూసుకోగలిగింది ఏమైనా ఉందా?


చీనీ_రైతు (తాడిపత్రి)
శనివారం, రాత్రి 9:15

అన్నా, ముందు బండి ఆపేయ్. శబ్దంతో నడపొద్దు. నేను నడిపి అనుభవించినా. మూడేండ్ల కిందట మా చీనీ (బత్తాయి) తోటలో మందు కొట్టేటప్పుడు ఇంజన్ లోపల 'దబ్ దబ్' అని మొదలైంది. ఈ ఒక్క ట్యాంకు అయిపోనీలే, రేపు చూపిద్దాం అనుకున్నా. వేడెక్కినాక ఆయిల్ లైటు మిణుకు మిణుకుమంటుంటే వైరు లూజేమో అనుకున్నా. ఇంకో పావుగంటకు కనెక్టింగ్ రాడ్ బ్లాకు పగలగొట్టుకుని బయటికొచ్చింది. ఆయిలంతా చెట్టు మొదట్లో పడింది. బ్లాకే పోయింది కాబట్టి రిపేరు కూడా కాలేదు, ఇంకో ఇంజన్ కొనాల్సి వచ్చింది. మీ మెకానిక్ చెప్పింది నిజమైతే ఆలస్యం చేయొద్దు.


నల్గొండ_బత్తాయి
శనివారం, రాత్రి 9:32

టప్పెట్లు (వాల్వులను నొక్కేవి) లూజ్ అయి ఉంటాయి అన్నా. మాది కూడా ఇట్లనే టిక్ టిక్ అంటే ఫీలర్ గేజి (సందు కొలిచే రేకు) పెట్టి సెట్ చేయించిన, గంట పని, 500 తీసుకున్నడు. ఇంకోటి, కొంచెం చిక్కటి ఆయిల్ పోసి చూడు, సౌండ్ తగ్గుతది.


డీజిల్_మాస్టారు (రిటైర్డ్ ఐటీఐ ఇన్‌స్ట్రక్టర్)
శనివారం, రాత్రి 10:20

తోట గారూ, సోమవారం వరకు టైముంది కదా. రేపు ఒక్క పూట కేటాయిస్తే చాలావరకు తేలిపోతుంది. ఇంజన్ దించడానికి ఎలాగూ ఒక రోజు పడుతుంది, అంతకంటే తక్కువ పనే ఇది.

మీరు రాసినదాంట్లో నాకు ముఖ్యంగా కనిపించింది ఒక్కటి. శబ్దం స్లోలో ఉంది, లోడు మీద లేదు. బిగ్ ఎండ్ పోయిన ఇంజన్ సాధారణంగా దీనికి ఉల్టాగా చేస్తుంది. లోడు పడేకొద్దీ, రేస్ ఇచ్చేకొద్దీ కొడుతుంది. చీనీ రైతు గారికి వినిపించింది అదే. అది లోతుగా, బరువుగా, కాళ్ల కింద తెలిసే శబ్దం. పైగా బేరింగుల్లో సందు పెరిగితే ఆయిల్ ప్రెషర్ పడిపోతుంది, ఇంజన్ వేడెక్కి ఆయిల్ పలచబడగానే స్లోలో లైటు మిణుకుతుంది. ఆయనకు అదీ వచ్చింది. మీకు రెండూ లేవు. అంతమాత్రాన బేరింగులు బాగున్నాయని నేను ఇక్కడ కూర్చుని చెప్పలేను. పరీక్ష చేసి చూద్దాం.

నల్గొండ తమ్ముడు చెప్పిన టప్పెట్లు కూడా చూడాల్సినవే. కానీ టప్పెట్ శబ్దం పైన వాల్వ్ కవర్ దగ్గర, సన్నగా, కుట్టు మిషన్ నడిచినట్టు సమంగా వస్తుంది. మధ్యలో తప్పదు. చిక్కటి ఆయిల్ మాత్రం వద్దు. శబ్దం తగ్గుతుంది నిజమే, జబ్బు తగ్గదు. పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు ఆ ఆయిల్ పైదాకా చేరడానికి ఆలస్యమై ఉన్నవి కూడా అరుగుతాయి.

రేపు చేయాల్సింది చెబుతాను. ముందుగా మెడలో తువ్వాలు తీసేయండి, లుంగీ వద్దు, ప్యాంటు వేసుకోండి. తిరుగుతున్న ఫ్యాన్ దగ్గర పని.

బండి చల్లగా ఉన్నప్పుడు ఆయిల్ పుల్ల తీసి చూడండి. మట్టం పైగీత దాటి పెరిగి, డీజిల్ వాసన వస్తుంటే నాకు చెప్పండి, అది వేరే కథ. పాలు కలిసినట్టు తెల్లగా ఉంటే నీళ్లు దిగుతున్నట్టు. ఆ తర్వాత కింది బోల్టు విప్పి అర లీటరు ఆయిల్ ఒక పలచని తెల్లగుడ్డలోంచి వడగట్టండి. గుడ్డను ఎండలో పట్టుకుని అటూ ఇటూ తిప్పండి. బేరింగు పోయి ఉంటే సన్నటి తళుకులు కనిపిస్తాయి, వేళ్ల మధ్య రుద్దితే రేణువు తగులుతుంది.

తర్వాత స్టార్ట్ చేసి, వేడెక్కాక, క్లచ్ తొక్కి వినండి. శబ్దం మారితే క్లచ్ ప్లేటు, రిలీజ్ బేరింగు వైపు చూడాలి.

మూడోది నాజిల్ (సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మేది) పరీక్ష. ఇంజన్ స్లోలో ఉండగా ఒక నాజిల్ మీదకు వచ్చే పైపు నట్టు అర చుట్టు లూజ్ చేయాలి. ఆ సిలిండర్‌కి డీజిల్ అందదు, అది కాలడం మానేస్తుంది. శబ్దం ఆ సిలిండర్ నాజిల్‌దైనా, బిగ్ ఎండ్‌దైనా, పిస్టన్‌దైనా, ఆ క్షణంలో తగ్గాలి, కనీసం మారాలి. బిగించి రెండోది, తర్వాత మూడోది. దీనికి చేతికి గ్లౌజు, కంటికి అద్దాలు, నట్టు చుట్టూ మందపాటి గుడ్డ ఉండాలి. ఆ పైపులో డీజిల్ మామూలు ఒత్తిడిలో ఉండదు, సన్నని ధారగా చర్మంలోకి దిగిపోతుంది. పైకి సూది గుచ్చినట్టే కనిపిస్తుంది, లోపల కండ చెడిపోతుంది. అలా జరిగితే నొప్పి లేకపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. మీకు అలవాటు లేకపోతే ఈ ఒక్క పరీక్ష మీ మెకానిక్ చేతనే చేయించండి.

చివరగా ఫ్యాన్ బెల్ట్ తీసేసి ఒక్క నిమిషం నడపండి. అంతకంటే వద్దు, వాటర్ పంప్ తిరగదు. శబ్దం పూర్తిగా పోతే వాటర్ పంపో, డైనమోనో.

ఏం జరిగిందో ఉన్నదున్నట్టు రాయండి. "కొంచెం తగ్గినట్టు అనిపించింది" అని ఉంటే అలాగే రాయండి, సర్దవద్దు.


టెక్సస్_తెలుగు
ఆదివారం, ఉదయం 7:05

మాస్టారు చెప్పినట్టు బయటి భాగాలు ముందు తీసేసి వినడం చాలా ముఖ్యమండీ. మాకు ఇక్కడ ఊరి బయట రెండెకరాల గడ్డి ఉంది. దానికి ఇరవై ఏళ్ల నాటి గడ్డి కోసే చిన్న ట్రాక్టర్, ఒకే సిలిండర్ పెట్రోల్ ఇంజన్. అది కడకడమని కొడుతుంటే ఇంజన్ పోయిందనుకుని కొత్తదానికి ధరలు కూడా చూశాను. కింద బ్లేడ్ల డెక్కు బెల్టు ఊడదీస్తే ఇంజన్ నిశ్శబ్దంగా నడిచింది. బ్లేడ్ తిరిగే స్పిండిల్ బేరింగు అరిగిపోయి, ఆ శబ్దం చట్రం గుండా ఇంజన్ దాకా వినిపించింది. ఇనుములో శబ్దం ఎక్కడ పుట్టిందీ ఎక్కడ వినపడిందీ ఒకటే కాదని నాకు అప్పుడు అర్థమైంది.


గోదారి_తోట
ఆదివారం, మధ్యాహ్నం 1:30

అందరికీ ధన్యవాదాలు. పొద్దున్న ఆరింటికి మొదలుపెట్టాను. మా అబ్బాయి ఇంజనీరింగ్ రెండో ఏడు, సెలవులకి వచ్చాడు, వాడూ సాయం చేశాడు.

ఆయిల్ మట్టం సరిగా ఉంది, రంగు నలుపు, డీజిల్ వాసన లేదు. మా అమ్మ పాత వాయిల్ చీర ముక్కలో వడగట్టాం. ఎండలో ఎంత తిప్పినా తళుకు కనపడలేదు. క్లచ్ తొక్కితే తేడా లేదు.

నాజిల్ పరీక్షకి పక్క ఊళ్లో డీజిల్ పంపు షాపులో పనిచేసే మా బావమరిదిని పిలిపించాను. మూడూ ఒకదాని తర్వాత ఒకటి లూజ్ చేశాడు. ప్రతిసారీ ఇంజన్ కుంటింది, అంటే మూడూ కాలుతున్నాయి. శబ్దం మాత్రం ఏ ఒక్కదానికీ పోలేదు. పైగా ఏది లూజ్ చేసినా ఇంజన్ కుంటుతున్నప్పుడు శబ్దం ఇంకా పెరిగినట్టు అనిపించింది.

బెల్ట్ తీస్తే శబ్దం పోలేదు. కానీ మారింది. ఇంతకు ముందు కొంచెం మూసుకుపోయినట్టు ఉండేది, బెల్ట్ తీశాక కణేల్ కణేల్‌మని తేటగా వినపడింది. వాటర్ పంపూ డైనమో చేత్తో తిప్పి చూశాం, ఊగడం లేదు, గరగర లేదు.

ఇప్పుడు నాకు ఇంకా అయోమయంగా ఉంది.


నల్గొండ_బత్తాయి
ఆదివారం, మధ్యాహ్నం 1:50

అయితే టప్పెట్లే. కవర్ తీసి చూడు అన్నా.


డీజిల్_మాస్టారు
ఆదివారం, మధ్యాహ్నం 2:25

మీకు అయోమయంగా ఉందేమో గానీ నాకు మాత్రం మబ్బు విడుతోంది. "కుంటుతున్నప్పుడు పెరిగింది" అన్న ముక్క వదలకుండా రాసినందుకు సంతోషం.

మీ అబ్బాయి ఉన్నాడు కాబట్టి ఇంకొక పని. ఫోన్‌లో స్లోలో ఉన్న శబ్దం రెండు నిమిషాలు రికార్డు చేయమనండి. దాన్ని పావు వేగానికి తగ్గించి, సెకనుకు ఎన్ని దెబ్బలో లెక్కపెట్టమనండి. ఆ సమయంలో మీటర్లో ఎంత స్పీడు చూపిస్తోందో కూడా రాయండి.


గోదారి_తోట
ఆదివారం, సాయంత్రం 4:40

మీటరు 900 చూపిస్తోంది. మావాడు కంప్యూటర్‌లో పెట్టి రెండేసి సెకన్ల ముక్కలు చేసి లెక్కపెట్టాడు. ఒక ముక్కలో 38 దెబ్బలు, ఇంకోదాంట్లో 43, మరోదాంట్లో 40. సమంగా లేవు, మధ్యమధ్యలో ఒకటీ రెండూ తప్పిపోతున్నాయి.


డీజిల్_మాస్టారు
ఆదివారం, సాయంత్రం 5:15

బాబుకి నా ఆశీస్సులు చెప్పండి. చాలా మంచి పని చేశాడు.

ఇప్పుడు లెక్క చూడండి. నిమిషానికి 900 అంటే క్రాంక్ సెకనుకు 15 చుట్లు తిరుగుతోంది. ఇది ఫోర్ స్ట్రోక్ ఇంజన్, ఒక సిలిండర్ రెండు చుట్లకు ఒకసారి కాలుతుంది. అంటే ఒక్కో సిలిండర్ సెకనుకు ఏడున్నర సార్లు, రెండు సెకన్లకు 15. ఒక్కో వాల్వ్ తెరుచుకునేదీ అంతే. కాబట్టి ఒక టప్పెట్ లూజైనా, ఒక నాజిల్ కొడుతున్నా, మీ రికార్డింగ్‌లో రెండు సెకన్లకు 15 దెబ్బలు, గడియారంలా సమంగా ఉండాలి. ఒక బిగ్ ఎండ్ చుట్టుకొకసారి కొట్టినా 30 దాటకూడదు.

మూడు సిలిండర్లూ కలిపితే? రెండు సెకన్లకు 45. మీకు 38 నుంచి 43 వస్తున్నాయి, కొన్ని తప్పుతున్నాయి. అంటే ఈ శబ్దం ఏ ఒక్క సిలిండర్‌దీ కాదు. మూడు సిలిండర్ల కుదుపూ దేని మీద పడుతుందో అది కొట్టుకుంటోంది. అటువంటివి ఇంజన్లో కొన్నే ఉంటాయి. వెనక ఫ్లైవీల్ (క్రాంక్ వెనక కొసన ఉండే బరువు చక్రం), ముందు క్రాంక్ పుల్లీ (ఫ్యాన్ బెల్ట్‌ని తిప్పే చక్రం), ఆ పుల్లీకి దగ్గరలో టైమింగ్ గేర్లు.

స్లోలోనే ఎందుకు? స్లోలో ఇంజన్ సాఫీగా తిరగదు. కాలినప్పుడు ముందుకు దూకుతుంది, కంప్రెషన్ దగ్గర వెనక్కి లాగుతుంది. క్రాంక్ మీద లూజుగా ఉన్న చక్రం ఆ సందులో అటూ ఇటూ కొట్టుకుంటుంది. రేస్ పెరిగితే ఆ కుదుపు సర్దుకుంటుంది, ఫ్యాన్ గాలిని తోసే బరువు కూడా పెరిగి చక్రాన్ని ఒకే పక్కకి అదిమి పెడుతుంది. శబ్దం ఆగిపోతుంది. నాజిల్ లూజ్ చేసినప్పుడు ఇంజన్ కుంటింది, కుదుపు పెరిగింది, శబ్దం పెరిగింది. బెల్ట్ తీస్తే అదిమేది లేక ఇంకా తేటగా మోగింది. బెల్ట్ మార్చగలిగింది కాబట్టి నేను ఫ్లైవీల్ కంటే ముందు పుల్లీనే అనుమానిస్తున్నాను.

పొడుగాటి స్క్రూడ్రైవర్ తీసుకుని పిడిని చెవి వెనక ఎముకకి ఆనించి, కొసను బ్లాకు ముందు వైపు, మధ్యలో, వెనక బెల్ హౌసింగ్ (ఫ్లైవీల్, క్లచ్ మీది కవచం) మీద వరసగా పెట్టి వినండి. ఫ్యాన్‌కి దూరంగా. తర్వాత ఇంజన్ ఆపి, బెల్ట్ తీసి, క్రాంక్ పుల్లీని రెండు చేతులతో పట్టుకుని గబగబా అటూ ఇటూ తిప్పి చూడండి. మధ్యలో ఉన్న నట్టు చుట్టూ టార్చి వేసి చూడండి.


గోదారి_తోట
ఆదివారం, రాత్రి 7:50

మాస్టారూ, దొరికింది!

స్క్రూడ్రైవర్ పెడితే వెనక ఏమీ లేదు, మధ్యలో సన్నగా ఉంది, ముందు టైమింగ్ కవర్ మీద పెట్టగానే చెవిలో సుత్తితో కొట్టినట్టు వినిపించింది. ఇంజన్ ఆపి పుల్లీ పట్టుకుని తిప్పితే క్రాంక్ కదలకుండా పుల్లీ ఒక్కటే 'టక్' అని కదిలింది. మళ్లీ వెనక్కి 'టక్'. అదే శబ్దం. నా చేతుల్లో, ఇంజన్ ఆగి ఉండగా, పది రోజులుగా నన్ను నిద్రపోనివ్వని శబ్దం.

టార్చి వేస్తే నట్టు వాషర్ చుట్టూ ఎర్రటి పొడి ఉంది, కుంకుమ చల్లినట్టు. వేలితో తీస్తే మెత్తగా అంటుకుంది. ఒక పక్క అది ఆయిల్‌తో కలిసి కాఫీ రంగు ముద్దలా గట్టిపడింది. ఇన్నాళ్లూ రేడియేటర్ వెనక దుమ్మనుకుని పట్టించుకోలేదు. నట్టుకి బాక్స్ స్పానర్ వేస్తే రెంచి పొడవు కూడా అక్కరలేకుండా వచ్చేసింది. నట్టు మూలలు ఉలి దెబ్బలతో చితికి ఉన్నాయి. రెండేళ్ల కిందట ముందు ఆయిల్ సీల్ కారుతుంటే మార్పించాను. అప్పుడు పుల్లీ తీసి మళ్లీ పెట్టేటప్పుడు ఉలి పెట్టి సుత్తితో బిగించినట్టున్నారు.


డీజిల్_మాస్టారు
ఆదివారం, రాత్రి 8:10

ఆ ఎర్రపొడి ఇనుమూ ఇనుమూ రాసుకుని రాలినది. రెండు భాగాలు బిగువుగా ఉన్న చోట అది రాదు. ఇంక స్టార్ట్ చేయవద్దు. పుల్లీని క్రాంక్‌తో కలిపి తిప్పే కీ (గాడిలో కూర్చునే చిన్న ఇనుప ముక్క) తెగితే పుల్లీ ఆగిపోతుంది, వాటర్ పంప్ ఆగుతుంది, మీరు గమనించేలోపు ఇంజన్ కాగిపోతుంది. నట్టు కూడా వచ్చేసి ఉంటే పుల్లీ ముందుకు జరిగి ఫ్యాన్‌నీ రేడియేటర్‌నీ తినేసేది. పుల్లర్‌తో (పుల్లీని లాగి తీసే పనిముట్టు) తీయండి, సుత్తితో కొట్టవద్దు. క్రాంక్ మీద కీ గాడి ఫొటో పెట్టండి.


గోదారి_తోట
సోమవారం, ఉదయం 11:20

మెకానిక్ వచ్చాడు. నేనే పుల్లీ ఊపి చూపించాను. ఆయన ఒక్క నిమిషం మాట్లాడలేదు, తర్వాత "నేను ముందు వైపు చూడలేదండీ, చూసి ఉండాల్సింది" అన్నాడు. పుల్లర్ తెచ్చి తనే తీశాడు. అర్ధచంద్రం కీ ఒక పక్క సగానికి సగం నలిగిపోయింది. పుల్లీలో గాడి దాదాపు రెండింతలు వెడల్పయింది. క్రాంక్ గాడి అంచు ఒకవైపు కాస్త మొద్దుబారింది. పుల్లీ గాడిలో వెల్డింగ్ పోయించి మళ్లీ కోయించుకుంటే సరిపోతుందని ఆయన అంటున్నాడు.


ఆటోనగర్_లేత్ (విజయవాడ)
సోమవారం, మధ్యాహ్నం 12:05

ఫొటో చూశాను సార్. క్రాంక్ గాడి ఫర్వాలేదు. సన్నని ఆకురాయితో అంచు మీద లేచిన ముల్లు తీసేసి, కొత్త కీ పెట్టి చూడండి, చేత్తో నొక్కితే ఊగకుండా కూర్చోవాలి. ఊగితే మాత్రం మా దగ్గర కొలతకు కొంచెం లావు కీ చేస్తాం. పుల్లీకి వెల్డింగ్ వద్దు సార్. అది పోత ఇనుము, వేడికి పగులుతుంది, పగలకపోయినా వంకర తిరుగుతుంది. బెల్ట్ తింటుంది. కొత్త పుల్లీ ఆటోనగర్‌లో దొరుకుతుంది. బోరు కొలత, గాడి వెడల్పు, బయటి వ్యాసం మూడూ రాసుకుని రండి, పాత పుల్లీ కూడా తెచ్చుకోండి. ముందు వైపు ఆయిల్ సీలు కూడా కొనేయండి, పాత పుల్లీ ఊగి ఊగి సీలు పెదవి తినేసి ఉంటుంది.


చీనీ_రైతు
సోమవారం, మధ్యాహ్నం 12:40

అన్నా, చాలా సంతోషం. నేను భయపెట్టినానని రాత్రంతా బాధపడినా.


గోదారి_తోట
సోమవారం, మధ్యాహ్నం 12:55

అయ్యో, అలా అనుకోకు తమ్ముడూ. నువ్వు ఆపమన్నావు కాబట్టే శనివారం రాత్రి నుంచి దాన్ని తోటలోకి తీసుకెళ్లలేదు. లేకపోతే ఆదివారం పొద్దున్నే దున్నడానికి పోయేవాణ్ని.


గోదారి_తోట
బుధవారం, రాత్రి 9:10

ఈరోజు సాయంత్రం పని అయింది. మంగళవారం విజయవాడ వెళ్లి పుల్లీ 1,650, కీ 40, సీలు 190, కొత్త నట్టూ వాషరూ 110 పెట్టి తెచ్చాను. కీ క్రాంక్ గాడిలో ఊగకుండా కూర్చుంది, లావుది అవసరం పడలేదు. బావమరిది షాపు నుంచి టార్క్ రెంచి (ఎంత బిగువో కొలిచి బిగించేది) తెచ్చాడు. మాన్యువల్ నాన్నగారి బీరువాలో దొరికింది, అందులో ఉన్న లెక్క ప్రకారం బిగించాం. మెకానిక్ కూలి 600 ఇచ్చాను. ఆయన తీసుకోనన్నాడు, బలవంతం మీద జేబులో పెట్టాను. పనిలో పనిగా టప్పెట్లు కూడా చూశాడు, నల్గొండ అన్నా, రెండు ఎగ్జాస్ట్ వాల్వులు కొంచెం లూజే ఉన్నాయి, సరిచేశాడు.

స్టార్ట్ చేసి స్లోలో వదిలాం. మా అమ్మ వంటింట్లోంచి వచ్చి గుమ్మం దగ్గర నిలబడి కాసేపు విని, "మీ నాన్న ఉన్నప్పటి మోత" అంది.


డీజిల్_మాస్టారు
బుధవారం, రాత్రి 9:25

చాలా మంచి మాట విన్నాను. ఇంకొక్క పని మిగిలింది. నట్టు మీద నుంచి పుల్లీ మీదకి తెల్ల పెయింటుతో ఒక గీత గీయండి. పది గంటలు నడిపాక గీత కలిసి ఉందో లేదో చూసి, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు మళ్లీ టార్క్ రెంచి వేయండి.


గోదారి_తోట
తర్వాతి మంగళవారం, సాయంత్రం 6:30

పదకొండు గంటలు నడిచింది మాస్టారూ, నాలుగెకరాలు దున్నాను. గీత గీసినట్టే ఉంది. రెంచి వేస్తే క్లిక్‌మంది, నట్టు కదల్లేదు. వాషర్ చుట్టూ తెల్లగుడ్డతో తుడిచాను, ఎరుపు అంటలేదు.